రూ. 2,400 సైన్స్ కిట్: పిల్లల చేతికి వచ్చినవి, బీరువాలో మిగిలినవి

ముందే చెప్పేస్తాను. పెట్టెలో సామాను సగానికి పైగా బాగుంది. దానితో పాటు వచ్చిన ప్రయోగాల కార్డులు మాత్రం బాగాలేవు. మీ బడిలో అయస్కాంతాలు, కటకాలు, బల్బు హోల్డర్లు ఏవీ లేకపోతే ఈ రకం కిట్ కొనొచ్చు. కొన్న రోజే కార్డులు తీసి పక్కన పెట్టండి. ఇంట్లో ఒక్క పిల్లాడి కోసమైతే అసలు కొనకండి, ఎందుకో కింద రాస్తాను.

నేను పల్నాడు జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. మాది ఇద్దరు టీచర్ల బడి. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో నా దగ్గర కూర్చుంటాయి. పరిసరాల విజ్ఞానం చెప్పేది నేనే. మా పిల్లల్లో ఎక్కువమంది అమ్మానాన్నలు మిర్చి కోతలకి, కళ్లాల్లో పనికి వెళ్ళేవాళ్ళు. కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే ధరలో దొరికే పెట్టెలు ఇంకో రెండు మూడు పక్క బడుల్లో చూశాను. అట్ట మీద బొమ్మ మారుతుంది కానీ లోపల సామాను ఇంచుమించు ఒకటే. కాబట్టి ఇది అన్నిటికీ వర్తించే రివ్యూ అనుకోండి.

పెట్టె గురించి ఒక మాట. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ప్రాథమిక బడులకి గ్లోబు, మ్యాపులతో పాటు సైన్స్ కిట్లు కూడా ఇచ్చారు. నేను చదువుకున్న బడిలో ఆ పెట్టె ఉండేది. దానికి తాళం, తాళంచెవి హెడ్మాస్టారి జేబులో. ఇన్‌స్పెక్షన్ ఉందంటే దుమ్ము దులిపి బల్ల మీద పెట్టేవారు, ఆ సాయంత్రమే మళ్ళీ లోపలికి. అందుకే ఏ కిట్ చూసినా నేను మొదట అడిగేది ఒకటే: పిల్లలు తమంతట తాము తీసి, వాడి, మళ్ళీ సర్దగలరా? ఇందులో అది కుదరదు. సామానంతా థర్మకోల్ గుంటల్లో ఇరికించి ఇచ్చారు. ఒకసారి తీస్తే రెండోసారి అదే గుంటలో కూర్చోదు, థర్మకోల్ రాలి గదంతా పరుచుకుంటుంది. మొత్తం ఖాళీ చేసి పాత బిస్కెట్ డబ్బాల్లో సర్దాను. ఒక్కో డబ్బా మీద బొమ్మ అంటించాను. ఇప్పుడు మూడో తరగతి పిల్లలు కూడా తెచ్చుకుని, వాడుకుని, ఎక్కడిది అక్కడ పెడుతున్నారు.

ఇందులో అన్నిటికంటే మంచి సామాను అయస్కాంతాలు. రెండు దండాయస్కాంతాలు, నాలుగు రింగులు, ఒక గుర్రపునాడా. రింగులు నల్లటి ఫెరైట్‌వి, కింద పడితే అంచు రాలుతుంది కానీ శక్తి పోదు. దండాయస్కాంతాలతోనే జాగ్రత్త కావాలి. వాటిని ఒకదాని ఉత్తరం పక్కన ఇంకోదాని దక్షిణం వచ్చేలా పెట్టి, రెండు చివర్లా మెత్తటి ఇనుప ముక్కలు ఆనిస్తే చాలాకాలం మన్నుతాయి. ఆ ఇనుప ముక్కలు కిట్‌లో ఇవ్వలేదు. వెల్డింగు షాపులో అడిగి తెచ్చుకున్నాను.

కార్డు ప్రకారం అయస్కాంతంతో చేయాల్సిన పని ఏమిటంటే, కిట్‌లోనే ఇచ్చిన మేకు, రబ్బరు, చెక్క ముక్క, ప్లాస్టిక్ బిళ్ళలకి ఆనించి చూడటం. అందులో ఎవరికీ ఆసక్తి ఉండదు, జవాబు అందరికీ ముందే తెలుసు. నేను చిల్లర ఇచ్చాను. రూపాయి, రెండు రూపాయలు, పది రూపాయల బిళ్ళలు. ఏది అంటుకుంటుంది, చేతులెత్తండి అన్నాను. గదిలో ముప్పావు వంతు మంది పది రూపాయలకి ఎత్తారు. పెద్ద బిళ్ళ, బరువుగా ఉంది, విలువ కూడా ఎక్కువ కదా. తీరా చూస్తే రూపాయి అంటుకుంది, పది అంటుకోలేదు. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు అయస్కాంతానికి అంటుకునే రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. పది రూపాయల బిళ్ళ రెండు లోహ మిశ్రమాలతో చేసింది, ఆ రెండూ అంటుకోవు. ఆ తర్వాత గొడవ మధ్యాహ్న భోజనం పళ్ళాల దగ్గరికి పోయింది. "టీచర్, నా పళ్ళేనికి అంటుకుంది, వీడి పళ్ళేనికి అంటుకోవట్లేదండీ. రెండూ స్టీలేగా?" స్టీలులో ఏమేం కలిపారన్నదాన్ని బట్టి అంటుకునే రకం, అంటుకోని రకం రెండూ ఉంటాయి. అడిగినవాడు నాలుగో తరగతి. నేను నికెల్ గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేశాను. వాడు వదల్లేదు, ఇంటికెళ్ళి చెంబులూ గిన్నెలూ అన్నీ పరీక్షించి మర్నాడు పట్టిక రాసుకొచ్చాడు. రింగు అయస్కాంతం ఇంటికి పంపినందుకు వాళ్ళమ్మ వచ్చి, "గిన్నెలన్నీ మంచాల కింద దొర్లుతున్నాయండీ" అని నవ్వుకుంటూ చెప్పి వెళ్ళింది. రూ. 2,400లో నా లెక్కన సగం ఆ రెండు రోజుల్లోనే తీరిపోయింది.

దిక్సూచుల సంగతి పూర్తిగా వేరు. నాలుగు ఇచ్చారు, బల్ల మీద పక్కపక్కన పెడితే నాలుగూ నాలుగు దిక్కులు చూపించాయి. కారణం సులువే. వాటిని దండాయస్కాంతాల పక్క గుంటలో పెట్టి ప్యాక్ చేశారు. బలమైన అయస్కాంతం పక్కన ఎక్కువ రోజులుంటే దిక్సూచి సూది బలహీనపడుతుంది, లేదా దాని ధ్రువాలే తారుమారవుతాయి. ఒకటైతే ఉత్తరాన్ని నిక్కచ్చిగా దక్షిణమని చూపిస్తోంది. సైన్స్ కిట్ తయారుచేసేవాళ్ళు ఈ పని చేయడం ఏమిటో నాకర్థం కాలేదు. అయితే దీన్ని సరిచేయొచ్చు. దండాయస్కాంతం ఒక కొనని దిక్సూచి అద్దం మీదుగా ఒకే దిశలో మెల్లగా జరుపుతూ పోతే సూది మళ్ళీ దారికొస్తుంది. తప్పు దిశ వస్తే రెండో కొనతో అదే చేయాలి. ఐదో తరగతివాళ్ళకి ఇదే ఒక పాఠం అయింది. పొద్దున సూర్యుడు ఎటు ఉన్నాడో చూసి, దాన్ని బట్టి ఏ దిక్సూచి అబద్ధం చెబుతోందో వాళ్ళే తేల్చారు. కానీ ఈ కిటుకు తెలియని టీచరు దగ్గర ఆ నాలుగూ చెత్తబుట్టలోకి పోతాయి, లేదంటే పిల్లలు తప్పు దిక్కులు నేర్చుకుంటారు.

కరెంటు సామానులో మోటారు, దాని ప్లాస్టిక్ రెక్క బాగున్నాయి. తీగలు అటుదిటు మారిస్తే రెక్క వెనక్కి తిరుగుతుంది, గాలి ఎటు తగులుతుందో మొహం పెట్టి చూసుకోవచ్చు. క్రొకడైల్ క్లిప్పుల టంకం రెండు వారాల్లోనే ఊడటం మొదలైంది. ఆ మాట అటుంచండి, అసలు సమస్య ఎల్‌ఈడీలతో. కిట్‌లో సెల్ హోల్డరు ఒక్క సెల్‌కే ఇచ్చారు. అంటే 1.5 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీ సరిగ్గా వెలగాలంటే దాదాపు 1.8 వోల్టులు కావాలి, తెల్లదానికైతే 3 దాకా. ఒక్క సెల్‌తో అది ఎలా కలిపినా వెలగదు. పైగా ఎల్‌ఈడీకి ప్లస్సు మైనస్సు ఉంటాయి, తిరగేసి కలిపితే సెల్‌లు ఎన్ని పెట్టినా వెలగదు. ఆ సంగతి కార్డులో ఒక్క ముక్క లేదు.

కార్డుల మీద నా కోపమంతా ఇక్కడ మొదలైంది. ప్రతి కార్డులో పైన ఏం చేయాలో ఉంటుంది. కింద పెద్ద అక్షరాల్లో ఏం జరుగుతుందో ఉంటుంది. పిల్లలు ఏం చేస్తారు? ముందు కింద చదువుతారు. ఎల్‌ఈడీ రోజున గుంపులు తిరిగి చూస్తున్నాను. ఎవరిదీ వెలగలేదు. ఐదో తరగతి అమ్మాయి, బాగా చదివే పిల్ల, నోట్సులో శుభ్రంగా రాసేసింది: "సెల్‌కు కలపగానే బల్బు వెలిగింది." వెలిగిందా అని అడిగాను. లేదండీ అంది. మరి ఎందుకు రాశావ్? "కార్డులో అలాగే ఉందిగా టీచర్."

ఆ పిల్లని ఏమీ అనలేం. మన పరీక్షలన్నీ దానికి అలాగే నేర్పాయి. కానీ రూ. 2,400 పోసి కొన్న వస్తువు కూడా అదే నేర్పిస్తే ఎలా? వెలగని బల్బు ఎంత మంచి పాఠం! సెల్ అయిపోయిందా, తీగ తెగిందా, అటుదిటు కలిపామా, ఒక్క సెల్ చాలదా? ఒక్కొక్కటీ మార్చి చూడాలి. మర్నాడు కార్డులు లేకుండా అదే సామాను ఇచ్చాను. పాత టార్చిలైటు విప్పి, దాన్ని రెండు సెల్‌ల హోల్డరుగా వాడుకోమన్నాను. మూడో గుంపులో వెలిగింది. అప్పుడు ఆ గదిలో లేచిన అరుపుకి పక్క గది టీచరు పరిగెత్తుకొచ్చారు.

అప్పటినుంచి ఏ ప్రయోగానికైనా ఒకటే పద్ధతి. సామాను ముట్టుకోకముందు ఏమవుతుందో ప్రతి పిల్లా చెప్పాలి, నేను బోర్డు మీద చిట్టా వేస్తాను, తర్వాతే చేతులు పెట్టడం. మాట మీద నిలబడిన పిల్లలు ప్రయోగాన్ని రెప్ప వేయకుండా చూస్తారు. ఇది నేను కనిపెట్టింది కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లో 16 బడులతో మొదలైన హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమంలో పిల్లలు ప్రయోగాలు చేసి, గుంపుగా మాట్లాడుకుని జవాబులు రాబట్టుకునేవారు. అక్కడ సవాలీరామ్ అని ఒక కల్పిత పెద్దమనిషి ఉండేవాడు, పిల్లలు తమ సందేహాలు ఆయనకి ఉత్తరాలు రాసేవాళ్ళు. అదేదో పై తరగతుల కోసం చేసింది, అయినా నేను మా గదిలో ఒక అట్టపెట్టె కట్టి ప్రశ్నల డబ్బా అని పేరు పెట్టాను. "బల్లి గోడ మీద నుంచి పడదెందుకు", "చెరువులో నీళ్ళు ఎండితే చేపలు ఎక్కడికి పోతాయి" లాంటివి వస్తుంటాయి. కొన్నింటికి నాకు జవాబు రాదు, అవి గోడ మీదే ఉంటాయి.

కొవ్వొత్తి కార్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది తప్పు. పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద గ్లాసు బోర్లించాలి. కొవ్వొత్తి ఆరుతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ కాబట్టి, అది కాలిపోయి ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయని కార్డు చెబుతుంది. మనందరం చిన్నప్పుడు ఇదే చదివాం. కానీ అసలు కారణం ముఖ్యంగా వేడి. గ్లాసు మూసేటప్పటికే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళని లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే మంట ఆరిపోతుంది, కాలినదాని బదులు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. నమ్మకం లేకపోతే ఒక కొవ్వొత్తితో ఒకసారి, మూడు కొవ్వొత్తులతో ఒకసారి అదే గ్లాసుతో చేసి చూడండి. ఆక్సిజనే కారణమైతే రెండుసార్లూ ఒకే ఎత్తు రావాలి. మూడింటితో ఎక్కువ ఎక్కుతుంది. నీళ్ళు ఎప్పుడు గబగబా ఎక్కాయో చూడమంటే, మంట ఆరిన తర్వాతేనని మూడో తరగతి పిల్లలే చెప్పారు. కార్డు రాసినవాళ్ళు ఒక్కసారి వంగి చూసి ఉంటే బాగుండేది.

ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే లిట్మస్ కాగితాలు రెండు చిన్న పుస్తకాలు ఇచ్చారు. మా తేమకి వాటి రంగు అప్పుడే వెలిసింది. ఈ వయసు పిల్లలకి అవి అక్కర్లేదు కూడా. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం చాలు. సబ్బు నీళ్ళు తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు. సున్నం తగిలించగానే ఒక పిల్ల, "ఇది పారాణి టీచర్, మా అక్క పెళ్ళిలో కాళ్ళకి పెట్టారు" అంది. మరి పారాణి మీద నిమ్మకాయ పిండితే? ఆ ప్రశ్న కూడా వాళ్ళదే. పిండి చూశాం.

విత్తనాల పొట్లం దండగ. శనగలు అని రాసి ఉంది, ఎప్పటివో తెలియదు, ఒక్కటీ మొలకెత్తలేదు. దుకాణంలో గుప్పెడు పెసలు కొంటే ఒకటి రెండు రోజుల్లో మొలకలు వస్తాయి. ప్లాస్టిక్ ప్రిజం కూడా పేరుకే. ఎండలో పళ్ళెం పెట్టి, నీళ్ళు పోసి, అందులో అద్దం ఏటవాలుగా ముంచితే గోడ మీద అంతకంటే మంచి ఇంద్రధనుస్సు పడుతుంది.

కటకాలు మాత్రం నిజంగా మంచివి. గాజువి, అరచేతిలో సరిపోయేంత. కిటికీ ఎదుట తెల్ల కాగితం పట్టుకుని కటకాన్ని ముందుకీ వెనక్కీ జరిపితే బయటి వేపచెట్టు తలకిందులుగా కాగితం మీద పడుతుంది, ఆకులు కదలడం కూడా కనిపిస్తుంది. దీనికి కార్డే లేదు! కటకం అంటే ఎండలో కాగితం కాల్చడమే అన్నట్టు ఒక్క కార్డు ఇచ్చారు, కటకంలోంచి సూర్యుణ్ణి చూడకూడదన్న హెచ్చరిక మాత్రం చిన్న అక్షరాల్లో మూలన పెట్టారు.

హెచ్చరిక అంటే గుర్తొచ్చింది. వెండి రంగులో మెరిసే బటాణీ గింజంత అయస్కాంతాలు ఒక పొట్లంలో ఉంటాయి. అవి నియోడిమియంవి, చాలా బలమైనవి. పిల్లలు రెండు మింగితే కడుపులో పేగు గోడలకి అటూ ఇటూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది. ఒకటి రెండు తరగతుల పిల్లలు అదే వరండాలో తిరుగుతుంటారు. ఆ పొట్లం ఇంటికి తీసుకెళ్ళిపోయాను. మీరు కొన్నా అదే చేయండి. బటన్ సెల్‌లు ఉంటే వాటినీ తీసేయండి.

కంపెనీకి ఫోన్ చేశాను. దిక్సూచులు, విత్తనాలు మార్చమంటే పెట్టె తెరిచేటప్పటి వీడియో పంపమన్నారు. పెట్టె తెరిచేటప్పుడు నా చుట్టూ అంతమంది పిల్లలుంటే వీడియో ఎవరు తీస్తారు?

ఇంట్లో ఒక్క పిల్లాడికి వద్దనడానికి కారణం ఇదే: ఈ సామాను బాగుపడేది వాదనలో. పది రూపాయల బిళ్ళకి చేతులెత్తిన ఇరవై మంది లేకపోతే అది ఉత్త అయస్కాంతం. ఒక్కడే ఆడుకునే పిల్లాడికి అరవింద్ గుప్తా చూపించిన బొమ్మలు మేలు. ఆయన ఐఐటీ కాన్పూర్‌లో చదివి, 1978 ప్రాంతంలో హోషంగాబాద్ కార్యక్రమం చూసి వచ్చాక జీవితమంతా చెత్తతో బొమ్మలు చేయించడంలోనే ఉన్నారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో ఆయన చేయించే త్రిభుజాలు, ఇళ్ళు మా పిల్లలు గంటల తరబడి కడతారు. ఖర్చు పది రూపాయలు దాటదు. చదవడానికి జన విజ్ఞాన వేదిక వాళ్ళ పిల్లల సైన్స్ పత్రిక చెకుముకి తెప్పించుకోండి. దగ్గరుంటే కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ సైన్స్ క్యాంపస్‌కి ఒకసారి తీసుకెళ్ళండి, 172 ఎకరాల్లో ఉంది, అక్కడ సామాను పిల్లల చేతిలోనే ఉంటుంది. మాకు దూరం, పోలేకపోయాం. సూక్ష్మదర్శిని కావాలంటే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన కాగితపు ఫోల్డ్‌స్కోప్ ఉంది, 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ బూతద్దాన్ని మైక్రోస్కోప్ అని పిలవడం దబాయింపు.

మళ్ళీ ఈ పెట్టె కొనను. అదే డబ్బుతో విడిగా పది గాజు కటకాలు, పాత సామాన్ల కొట్టులో దొరికే స్పీకర్ అయస్కాంతాలు, టార్చి బల్బులు, హోల్డర్లు, రెండు సెల్‌ల పెట్టెలు, ఒక మంచి స్ప్రింగు త్రాసు కొంటాను. అప్పుడు గుంపుకి ఒకటి చొప్పున వస్తాయి. ఇప్పుడు ఒక్క కటకం కోసం గుంపులు కొట్టుకుంటున్నాయి. కిట్‌కి డబ్బిచ్చింది మా బడిలోనే చదివి గుంటూరులో స్థిరపడిన ఒకాయన. ఈ జాబితా ఆయనకి పంపాను. ఆయనకి అభ్యంతరమేమీ లేదు, ఒక్కటే అడిగారు: "పెట్టె మీదైతే నా పేరు రాయించారు కదమ్మా, విడి సామాను మీద ఎక్కడ రాయిస్తారు?" బిస్కెట్ డబ్బా మూతల మీద రాయిస్తానని చెప్పాను. సరేనన్నారు. జూన్‌లో బడి తెరిచేలోపు డబ్బు పంపుతారట.